పరంధామయ్య గారి చివరి డబ్బింగ్

దెయ్యం ఎలా ఏడుస్తుందో నేను చేసి చూపించగలను. పాత తలుపు కిర్రుమనడం, దూరంగా కుక్క ఊళ వెయ్యడం, ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు అడుగుల చప్పుడు, ఇవన్నీ పాతికేళ్ళుగా స్టేజీల మీద నోటితోనే చేస్తున్నాను. ముందు వరుసలో పిల్లలు అమ్మల ఒళ్ళో దూరిపోతారు. ఆ చప్పుళ్ళన్నీ నా గొంతులోంచి, నా ముక్కులోంచి వస్తున్నాయని తెలుసు కాబట్టి నాకు ఎప్పుడూ భయం వెయ్యలేదు. ఎవరైనా దెయ్యాన్ని చూశామని చెబితే, అది ఎలా అరిచిందో ఒకసారి చేసి చూపించండి అని అడిగేవాణ్ణి.

ఇప్పటికీ నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఈ సంగతి మాత్రం జరిగింది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పేరు సాల్మన్. బాపట్లలో ఒక ఆఫీసులో గుమాస్తాను. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే పశువుల పాకలో గొర్రెలూ గాడిదా అరిచే పని నాది. అక్కడ మొదలైన పిచ్చి అది. పెద్దయ్యాక మనుషుల గొంతులు పట్టుకున్నాను. వాటిలో నాకు బాగా పేరు తెచ్చినది పరంధామయ్య గారి గొంతు.

పరంధామయ్య గారిది అమృతలూరు దగ్గర పల్లెటూరు. తెనాలిలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తూ, సాయంత్రాలు నాటకాలు వేసేవారు. నలభై దాటాక ధైర్యం చేసి హైదరాబాదు వెళ్ళారు. సినిమాల్లో పోస్టుమాస్టరు, కాంపౌండరు, పెళ్ళికూతురి తండ్రి, అలాంటివి చాలా వేశారు. పేరు ఎవరికీ గుర్తుండేది కాదు గానీ, మనిషి కనిపించగానే ఇంట్లో ఆడవాళ్ళు "ఈయన వచ్చాడే" అనేవాళ్ళు. తర్వాత సీరియళ్ళు వచ్చాయి. అప్పుడు అందరి ఇళ్ళకూ నాన్న అయిపోయారు. సొంత పిల్లలు లేరు ఆయనకి. "సీరియళ్ళలో పద్నాలుగు మంది ఆడపిల్లల్ని అత్తారింటికి పంపించానయ్యా, ఒక్కతీ సుఖపడలేదు" అని నవ్వేవారు.

ఆయన్ని మొదటిసారి చూసింది రేపల్లెలో, ఒక కాలేజీ వార్షికోత్సవంలో. ఆయన ముఖ్య అతిథి అని నాకు ముందు చెప్పలేదు. స్టేజీ ఎక్కాక తెలిసింది. మానేద్దామనుకుంటే పిల్లలు ఆయన గొంతే చెయ్యమని గోల. చేశాను. ముఖ్యమైన మాట ముందు ఆయన వేసే చిన్న దగ్గు కూడా వేశాను. అందరూ పడీ పడీ నవ్వారు. నాకేమో చెమటలు.

ప్రోగ్రాం అయ్యాక దగ్గరికి పిలిచారు. "గొంతు పట్టావు గానీ ఊపిరి పట్టలేదు నాయనా. నేను దగ్గేది స్టైలుకి కాదు. నాకు ఆయాసం. పెద్ద డైలాగు ముందు గాలి తీసుకోవాలి. ఆ గాలి తీసేది తెలియకుండా దగ్గు అడ్డం పెడతాను" అన్నారు. అలా అని, నా చెవి దగ్గరికి వంగి ఒకసారి ఊపిరి తీసి చూపించారు. ఆ ఊపిరి చివర సన్నటి ఈల ఒకటి ఉంది.

ఆ ఈల నాకు ఎప్పటికీ రాలేదు. ఆ మాట ఇక్కడ చెప్పడం అవసరం.

అప్పటినుంచి మా మధ్య రాకపోకలు. కరోనా తర్వాత ఆయన హైదరాబాదు ఇల్లు ఖాళీ చేసి రేపల్లె వచ్చేశారు. షూటింగు ఉంటే వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చేవారు. నేను ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. ఆయన భార్య సీతారత్నం గారు వడ్డించడంలో మొహమాటం ఎరగని మనిషి. వద్దంటే ఇంకో గరిటె పడుతుంది. నేను భోంచేస్తూ ఆయన గొంతుతో "ఇంకాస్త పప్పు వెయ్యవే" అంటే, ఆవిడ నిజంగానే ఆయన విస్తరి వైపు తిరిగేది. ఆయన తెగ సంబరపడేవారు.

ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకుని, ఆయన మళ్ళీ లేవలేదు. టీవీల్లో అర నిమిషం చూపించారు. రెండు సినిమాల పేర్లు తప్పు చెప్పారు. నేను వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. ఒకావిడ చంకలో పిల్లతో వచ్చి, "మా నాన్న పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదండి" అని నాతో అంది. నేనెవరో ఆవిడకి తెలియదు.

పది రోజుల తర్వాత సీరియల్ దర్శకుడు నాకు ఫోన్ చేశాడు. పరంధామయ్య గారివి నాలుగు సీన్లు తీసి ఉన్నాయట. డబ్బింగ్ కాలేదట. "ఆయన గొంతు మీకంటే బాగా ఎవరికీ రాదని అందరూ అంటున్నారు సాల్మన్ గారూ. హైదరాబాదు రానక్కర్లేదు, అక్కడే ఎక్కడైనా రికార్డు చేసి పంపండి" అన్నాడు. నేను సీతారత్నం గారిని అడిగాకే ఒప్పుకున్నాను. "వేరెవరో చెయ్యడం కంటే నువ్వే నయం" అందావిడ.

తెనాలిలో బాజీ అని నాకు తమ్ముడిలాంటివాడు. జిరాక్సు షాపు పైన మేడ మీద రికార్డింగ్ గది పెట్టుకున్నాడు. చర్చి పాటలు, దర్గా ఉరుసుకి పాటలు, ఎలక్షన్లప్పుడు ఆటోల్లో తిప్పే ప్రచారం, అన్నీ అక్కడే. లోపల చిన్న గది, గోడలకి స్పాంజీ అట్టలు, ఒక మైకు, బొమ్మ చూసుకోడానికి ఒక తెర. బయట గదిలో బాజీ కంప్యూటరు. మధ్యలో మందపాటి అద్దం. తలుపు వేస్తే రోడ్డు మీద లారీ హారన్ కూడా లోపలికి రాదు.

శనివారం పొద్దున పదింటికి మొదలుపెట్టాం. మూడు సీన్లు మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. షూటింగులో పట్టిన ఆయన అసలు గొంతు, గరగరగా అయినా, ఆ మూడింటికీ ఉంది. విని, అదే పద్ధతిలో చెప్పాను. మధ్యమధ్యలో బాజీ అద్దం అవతల కళ్ళు తుడుచుకోవడం చూసి నేను ఆగాల్సి వచ్చేది.

నాలుగో సీను చిక్కు పెట్టింది. కూతురు కారులో ఊరెళ్ళిపోతుంటుంది. తండ్రి కారు పక్కన నిలబడి, "జాగ్రత్తమ్మా. చేరగానే ఫోన్ చెయ్యి" అనాలి. కాగితం మీద ఉన్నది అంతే. ఆరోజు జనరేటర్ పక్కనే ఉండటంతో గొంతు ఏమీ పట్టలేదు. వట్టి హోరు. బొమ్మలో చూస్తే ఆయన ఆ మాటలు అయ్యాక ఇంకేదో కూడా అన్నారు. చిన్న ముక్క. దగ్గరగా తీసిన బొమ్మ కాబట్టి నోరు కదలడం స్పష్టంగా కనిపిస్తోంది.

దర్శకుడికి ఫోన్ చేశాం. ఆయన ఎప్పుడూ సొంతంగా ఏదో ఒకటి కలుపుతారని, అప్పుడు ఎవరూ పట్టించుకోలేదని చెప్పాడు. కూతురిగా వేసిన అమ్మాయిని అడిగితే, కారు అద్దం ఎత్తి ఉంది, నాకు వినపడలేదంది. "ఏదో ఒకటి పెట్టెయ్యండి మాస్టారూ, జనం అంత చూడరు" అన్నాడు దర్శకుడు.

నాకు మనసొప్పలేదు. ఆయన నోట్లో ఆయన అనని మాట ఎలా పెడతాను? అదీ ఆఖరి మాట.

మిమిక్రీ చేసేవాడికి పెదాలు చూడటం అలవాటే. ప, బ, మ అంటే పెదాలు కలవాలి. ఆయన పెదాలు రెండుసార్లు కలిశాయి. చివర సున్నాలా చుట్టుకున్నాయి. "బెంగ పెట్టుకోకు" అని చెప్పి చూశాను. దాదాపు సరిపోయింది. కానీ చివరికి కాస్త ముందు ఆయన నోరు సాగి పళ్ళు కనిపిస్తున్నాయి. "కోకు" అంటే నోరు అలా సాగదు. "మళ్ళీ ఎప్పుడొస్తావు" అన్నాను. కుదరలేదు. "బాగా చదువుకో" అన్నాను. అసలు కుదరలేదు. బాజీ రికార్డు ఆపకుండా ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నాడు. ఇరవయ్యో ముప్ఫయ్యో సార్లు చెప్పి ఉంటాను.

రెండున్నర అయింది. గొంతు మండుతోంది. చెవులకి ఉన్న హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, తెరకి వీపు తిప్పి స్టూలు మీద కూర్చున్నాను. మా ఆవిడ ఇచ్చిన వేడినీళ్ళ ఫ్లాస్కు మూత తిప్పాను. పాత స్టీలు ఫ్లాస్కు, మూత తిప్పితే కీచుమంటుంది. మూతలోకి నీళ్ళు వంచుకుని తాగుతున్నాను.

తలుపు తెరుచుకుంది. బాజీ. మొహం వెలిగిపోతోంది.

"కూర్చుందన్నా. పెదాలకి అచ్చం కూర్చుంది. ఆ మాట ఎలా పట్టావు?"

"ఏం పట్టాను? నీళ్ళు తాగుతున్నా."

"ఇప్పుడన్నావు కదా."

నేను అనలేదని చెప్పాను. ఆటపట్టిస్తున్నాననుకున్నాడు. చెయ్యి పట్టుకుని బయటి గదిలోకి తీసుకెళ్ళి, బొమ్మతో కలిపి వినిపించాడు.

"జాగ్రత్తమ్మా. చేరగానే ఫోన్ చెయ్యి" అనాల్సిన చోట నా గొంతు లేదు. ఖాళీ. ఆ తర్వాత చిన్న దగ్గు. దగ్గు వెనకాల ఊపిరి. ఆ ఊపిరి చివర సన్నటి ఈల. అప్పుడు మెల్లగా, మైకుకి దగ్గరగా, "పాలు పొంగుతున్నాయ్ చూడు."

బొమ్మలో ఆయన పెదాలు 'పా' దగ్గర కలిశాయి, 'పొం' దగ్గర కలిశాయి, 'న్నాయ్' దగ్గర సాగాయి, 'చూడు' దగ్గర చుట్టుకున్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

నేను కూర్చుండిపోయాను. భయం అని అనను. ఆయన పక్క గదిలో ఉండి పిలిస్తే ఎలా ఉంటుందో, అలా లేచి వెళ్ళాలనిపించింది. అంతే.

బాజీ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "అంతా బాగుంది గానీ, ఊరెళ్ళే పిల్లతో పాలు పొంగడం ఏంటన్నా?" అన్నాడు. నా మొహం చూసి అప్పుడు ఆపాడు.

ఇద్దరం కూర్చుని మళ్ళీ విన్నాం. ఈసారి శబ్దం పెంచి విన్నాం. ఆ మాట వెనకాల ఇంకో చప్పుడుంది. కీచుమని మూత తిరగడం. నీళ్ళు వంచడం. 'చూడు' అన్నచోట సరిగ్గా నేను గుటక వేసిన చప్పుడు. నీళ్ళు మింగుతూ ఎవరూ మాట్లాడలేరు. నేను తర్వాత ఇంట్లో ప్రయత్నించి పొలమారి, మా ఆవిడ చేత తిట్లు తిన్నాను.

కింద టీ కొట్టు ఉంటే, ఎవరో అన్న మాట మైకు పట్టిందనుకునేవాళ్ళం. కిందున్నది జిరాక్సు షాపు. పైగా దూరం నుంచి వచ్చిన గొంతు కాదది. ఈ రోజుల్లో కంప్యూటర్లతో ఎవరి గొంతైనా తయారు చేస్తున్నారని నాకూ తెలుసు. ఒకటి రెండు రోజులు బాజీని అనుమానించాను కూడా. కానీ గొంతు తయారు చెయ్యాలన్నా ఏ మాట అనిపించాలో తెలియాలి కదా. ఆ మాట బాజీకి తెలియదు. నాకూ తెలియదు.

ఆదివారం రేపల్లె వెళ్ళాను. సీతారత్నం గారు వసారాలో కూర్చుని గోంగూర తుంచుతున్నారు. పక్క వాటాలో ఉండే ఆవిడ చెల్లెలి కూతురు పద్మ నాకు మంచినీళ్ళు ఇచ్చి, "అన్నయ్యా, నువ్వైనా చెప్పు. పెద్దమ్మ సరిగ్గా తినడం లేదు" అంది.

రికార్డయిన గొంతు గురించి నేను చెప్పలేదు. ఫోన్లో ఆ బొమ్మ ఒక్కటే, చప్పుడు లేకుండా పెట్టుకుని వెళ్ళాను. "అమ్మా, ఇక్కడ సార్ ఏదో అన్నారండి. ఏంటో తెలియట్లేదు. మీకేమైనా అర్థమవుతుందేమో చూడండి" అన్నాను.

కళ్ళజోడు పెట్టుకుని చూశారు. మొదటిసారి ఆయన్నే చూస్తున్నారు. రెండోసారి పెట్టాను. ఆవిడ నవ్వారు. ఆయన పోయాక నేను చూసిన మొదటి నవ్వు.

"ఈయన చూడు, నలుగురిలో ఆ మాట అనేశాడు" అన్నారు.

"ఏ మాటండి?"

"పాలు పొంగుతున్నాయ్ చూడు, అంటున్నాడుగా. కనపడట్లేదా నీకు?"

ఏమీ తెలియనట్టే అడిగాను, అదేం మాటండి అని.

అప్పుడు చెప్పారు. ఆయన మొదట్లో హైదరాబాదు వెళ్ళేటప్పుడు ఈవిడ గేటు దగ్గర నిలబడి ఏడ్చేదట. వీధంతా చూసేవాళ్ళట. ఆయనకి అడుగు పడేది కాదట. ఒకసారి ఏం తోచక, "పాలు పొంగుతున్నాయ్ చూడు" అన్నారట. ఈవిడ పరిగెత్తుకుని వంటింట్లోకి వెళ్తే పొయ్యి మీద ఏమీ లేదు. తిరిగి వచ్చేసరికి ఆయన వీధి మలుపు తిరిగిపోయారు. ఆరోజు కోపమొచ్చిందట. కానీ తర్వాత అదే అలవాటైంది. ప్రతిసారీ ఆయన ఆ మాట అనడం, పాలు లేవని తెలిసీ ఈవిడ వంటింట్లోకి వెళ్ళి, గేటు గడియ పడిన చప్పుడు అయ్యేదాకా అక్కడే నిలబడటం.

"ముప్ఫై ఏళ్ళు నాయనా. ఎవరికీ చెప్పలేదు. వింటే నవ్విపోతారు" అన్నారు. పద్మ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆ అమ్మాయికి కూడా తెలియదు.

కాసేపు గోంగూర ఆకులు తుంచి, "మొన్న మాత్రం అనలేదు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు. ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయాడు" అన్నారు. కళ్ళజోడు తీసి, "మరి నువ్వేం పెట్టావు అక్కడ?" అని అడిగారు.

చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించినవాణ్ణి, ఆ ప్రశ్నకి ఆలోచించలేదు. ఫోన్లో ఆ గొంతు పెట్టి ఆవిడ చేతికిచ్చాను. చెవికి ఆనించుకున్నారు. మళ్ళీ పెట్టమన్నారు. ఇంకోసారి పెట్టమన్నారు. మూడోసారి కళ్ళు మూసుకున్నారు.

"నువ్వు చేసిందేనా?"

"కాదండి అమ్మా. నేను అనలేదండి."

నా వైపు చాలాసేపు చూశారు. ఎలా వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఆవిడ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "చెప్పే వెళ్ళాడన్నమాట" అన్నారు. నాతో కాదు. ఆ తర్వాత లేచి, "భోజనం చేసి వెళ్ళు. పద్మా, నాక్కూడా పెట్టవే" అన్నారు. పప్పు రెండోసారి ఆవిడే అడిగి వేయించుకున్నారు. పద్మ నా వైపు చూసింది. నేను కంచంలోకి చూసుకున్నాను.

సీరియల్‌లో ఆ మాట రాలేదు. మాటకీ సీనుకీ సంబంధం లేదని దర్శకుడు ఆ చోట కూతురి మొహం చూపించి సరిపెట్టాడు. నేను పట్టుబట్టలేదు. అది జనానికి చెప్పిన మాట కాదు.

మా చర్చి పాస్టరు అయ్యగారిని అడిగాను. చనిపోయినవాళ్ళు ప్రభువు రాకడ దాకా నిద్రలో ఉంటారని మాకు నేర్పింది ఆయనే. విని, "ఆవిడ అన్నం తిందన్నావుగా, అది చాలు సాల్మన్" అన్నారు. బాజీ వాళ్ళ మసీదు పెద్దాయన్ని అడిగితే, అలాంటివి మన మతంలో లేవు, దువా చెయ్యి అన్నాడట. మా ఇద్దరికీ తెలిసిన చోట్లలో దానికి జాగా దొరకలేదు.

ఒక్కటే అనుమానం ఎంత కొట్టేసినా మిగిలిపోతోంది. ఎప్పుడో భోజనాల దగ్గర ఆయన ఆ మాట నా ముందు అన్నారేమో, నేను మర్చిపోయి, అలసటలో నాకు తెలియకుండా అనేశానేమో అని. అలా అనుకుంటే బాగానే ఉంటుంది. కానీ ఆ గుటక చప్పుడు ఉంది. ఆ ఈల ఉంది. ఆ తర్వాత బాజీ గదిలో ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్క లేదు. అదే మైకు, అదే దూరం, అదే మాట. గొంతు వస్తుంది. ఆ ఊపిరి రాదు. ప్రతిసారీ బాజీ రెండూ పక్కపక్కన పెట్టి విని, తల అడ్డంగా ఊపుతాడు.

పరంధామయ్య గారి గొంతు స్టేజీల మీద ఇప్పటికీ చేస్తున్నాను. మానొద్దని సీతారత్నం గారే చెప్పారు. జనం ఇప్పటికీ నవ్వుతారు. చప్పట్లు మాత్రం కాస్త ఆలస్యంగా కొడతారు.

మొన్న ఏదో చర్చి పాటల రికార్డింగుకి తెనాలి వెళ్ళాను. పని అయిపోయాక బాజీ వైర్లు చుడుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"అన్నా, ఆరోజు ఆ మాట నువ్వే అన్నావని ఒప్పుకోరాదూ. అబద్ధమైనా ఫర్వాలేదు. నా మనసు కుదుటపడుద్ది."

వాడి కోసం ఒప్పుకుందామనే నోరు తెరిచాను. కానీ నేను అనలేదు.